ఆరో బెర్తు ఇనుపదిమ్మ

జ్ఞానప్రసూనకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? ఓడల్ని కట్టేసే ఇనుపదిమ్మకి ఎవరో పట్టుపంచె చుట్టారు. చుట్టి ఊరుకున్నారా అంటే అదీ లేదు. నెత్తిన విభూతి రేఖలు, మెడలో (దానికి మెడంటూ ఒకటి ఏడిస్తే) బంతిపూల దండ, కింద కొబ్బరిచిప్పలు, పక్కన ప్లాస్టిక్ కవర్లో అరటిపళ్ళు. ఆ పళ్ళ కోసం రెండు సముద్రపు పక్షులు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నాయి.

"ఖర్మ!" అంది పైకే. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చిన మనిషి, నడక సంగతి మర్చిపోయి పంచె విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగిసిపోయింది. పాలు పోసి అభిషేకం చేశారేమో, గుడ్డంతా జిడ్డు. పాలూ ఉప్పుగాలీ కలిస్తే ఇనుము ఏమవుతుందో ఈ కాలనీ ఇంజినీర్లలో ఒక్కడికీ తెలియదా? కంప్యూటర్లు తప్ప ఇంకో ఇంజినీరింగ్ ఉందని ఎవరూ చెప్పలేదు కాబోలు వీళ్ళకి.

ఇప్పుడిక్కడ కాపురముంటున్న వాళ్ళని అడిగి చూడండి, ఈ హార్లన్ పాయింట్ ఏమిటని. "వాటర్‌ఫ్రంట్ కమ్యూనిటీ అండీ, మన్‌హటన్‌కి ఫెర్రీ ఉంది, మన షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు అరగంట" అంటారు. అంతకుమించి ఒక్క ముక్క రాదు. సముద్రంలోకి చెయ్యి చాచినట్టున్న ఈ నేల దేవుడిచ్చింది కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రాళ్ళూ ఇసుకా పోసి నీళ్ళమీద కట్టిన సైన్యం రేవు ఇది. లారీలు, ట్యాంకులు, గుడారాలు, బూట్లు, డబ్బాల్లో బంగాళాదుంపలు, ఎక్కడ యుద్ధమైతే అక్కడికి ఇక్కణ్ణుంచే ఓడలు బయల్దేరేవి. గల్ఫ్ యుద్ధమప్పుడైతే ట్యాంకుల బారు హైవే దాకా పాకింది. జ్ఞానప్రసూన ఆ బారుని కళ్ళారా చూసింది. చూడడమేమిటి, ఏ ట్యాంకు ఏ ఓడలో ఏ మూల కూర్చోవాలో గీతలు గీసిన ఆఫీసులో ఆవిడా ఒకతె.

కాకినాడ నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి, ఎడిసన్‌లో కాపురం పెట్టి, సిటిజన్‌షిప్ చేతికి రాగానే ఈ రేవులో సివిలియన్ ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత రష్యాతో గొడవ సద్దుమణిగింది, వాషింగ్టన్‌లో ఒక కమిషన్ కూర్చుంది, అక్కర్లేని సైనిక స్థావరాలు ఏవేవో చెప్పండి అంది. అందులో హార్లన్ పాయింట్ పేరు వచ్చింది. యూనియన్ వాళ్ళు ఊరేగింపులు తీశారు. మేయరు టీవీలో కళ్ళు తుడుచుకున్నాడు. కాంగ్రెస్‌మన్ నా ప్రాణం అడ్డు వేస్తానన్నాడు, ఆయన ప్రాణం ఇప్పటికీ ఫ్లోరిడాలో క్షేమంగా ఉంది. తొంభై తొమ్మిదిలో ఆఖరి ఓడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత క్రేన్లు అమ్మేశారు. షెడ్లు కూలగొట్టారు. రైలు పట్టాలు పెకలించారు. పిచ్చిగడ్డి మొలిచింది, గడ్డి మీద బిల్డర్లు మొలిచారు. మిగిలిందల్లా ఓడలొచ్చి ఆగే ఆరో బెర్తు చివర ఈ ఒక్క దిమ్మ. నడుమెత్తు ఉంటుంది, గుండ్రటి తల, నల్లటి ఒళ్ళు. కాంక్రీటులో అంత లోతుకి దిగబడి ఉంది కనక ఎవరూ దాని జోలికి పోలేదు. దాని కోసమే జ్ఞానప్రసూన పట్టుబట్టి ఇక్కడ అపార్ట్‌మెంట్ కొనిపించింది. "రిటైరయ్యాక ఆఫీసులోనే కాపురం పెట్టిన ఆడదాన్ని నిన్నే చూశాను" అని భర్త జగన్మోహన్ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

ఈ శివుడి గొడవ మొదలుపెట్టింది భవిత. పక్క బిల్డింగులో ఉంటుంది, కరీంనగర్ పిల్ల, బ్యాంకులో సాఫ్ట్‌వేర్. మంచి పిల్లే. గ్రీన్ కార్డ్ కాగితాలు ఎక్కడో ఇరుక్కుని, ఏడుపు మొహంతో ఇటు నడుస్తుంటే దిమ్మ కనపడిందట. దిమ్మ తలకి ముందువైపు గుండ్రంగా, వెలిసిపోయిన ఎర్రటి చుక్క. అది బొట్టేనని భవిత తీర్మానించుకుంది. దీపం పెట్టింది. ఆ వారమే అప్రూవల్ వచ్చి కూర్చుంది. ఇంకేముంది! వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. హార్బరేశ్వరస్వామి వెలిశాడు. సోమవారం అభిషేకం, ఇంటర్వ్యూకి ముందు ప్రదక్షిణ, కొత్త టెస్లా కొన్నవాడల్లా నిమ్మకాయలతో హాజరు.

"అది బొట్టు కాదమ్మా" అని జ్ఞానప్రసూన రెండేళ్ళుగా నోరు నొప్పెట్టేలా చెబుతూనే ఉంది. "పీకెయ్యాల్సిన ఇనుముకి కాంట్రాక్టర్లు పెట్టే గుర్తు. స్క్రాపు గుర్తు!" వినేవాడేడీ? ఆవిడ అటు తిరగ్గానే ఇటు దండం పెట్టేవాళ్ళు. ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా జేబులో విభూతి పొట్లం దాచుకుని తిరుగుతున్నాడు.

ఆ పంచెని ఉండ చుట్టి ఇంటికి తెచ్చేసరికి హాల్లో హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ప్రెసిడెంట్ ఆంజనేయప్రసాద్, భవిత కూర్చుని ఉన్నారు. జగన్మోహన్ వాళ్ళకి కాఫీ కలిపిస్తున్నాడు.

"ఇదుగో, మీ స్వామివారి లాండ్రీ" అని పంచె సోఫా మీద పడేసింది జ్ఞానప్రసూన.

"ఆంటీ, ముందు గుడ్ న్యూస్ వినండి" అన్నాడు ఆంజనేయప్రసాద్ చిరునవ్వు చెరక్కుండా. "బిల్డర్ వాళ్ళు వాక్‌వే మొత్తం రీడూ చేస్తున్నారు. కొత్త రెయిలింగ్, లైట్లు, బెంచీలు."

"దిమ్మ?"

"అది రిమూవ్ చేస్తారంట. కట్ చేసి స్క్రాప్‌కి."

 జ్ఞానప్రసూన కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"కానీ మనం వదులుతామా!" అన్నాడతను. "మంగళవారం టౌన్‌షిప్‌లో హియరింగ్ ఉంది. ఇది రిలీజియస్ ఆబ్జెక్ట్ అని క్లెయిమ్ చేస్తాం. పర్మిషన్ తీసుకుని, క్రేన్ పెట్టి పెకలించి, క్లబ్‌హౌస్‌లో ప్రతిష్ఠ చేస్తాం. ఏసీ ఉంటుంది, పార్కింగ్ ఉంటుంది, చలికాలంలో కూడా అభిషేకాలు చేసుకోవచ్చు. పూజారిగారితో మాట్లాడేశాను."

"పెకలిస్తారా?" అంది జ్ఞానప్రసూన. గొంతు పైకి లేచింది. "ఒకడు కోస్తానంటాడు, ఇంకోడు పెకలిస్తానంటాడు. నీళ్ళ పక్కన ఉంటేనేనయ్యా అది ఓడని కట్టే బొల్లార్డు. కొండంత ఓడ లాగుతుంటే కదలకుండా నిలబడ్డం దాని పని. తీసుకెళ్ళి మీ ట్రెడ్‌మిల్లుల పక్కన పెడితే ఏముంటుంది? ఇనుప ముద్ద ఉంటుంది."

"ఆంటీ, గట్లనకండి" అంది భవిత బతిమాలుతూ. "స్వామి నాకు మస్తు హెల్ప్ చేసిండు. స్క్రాప్‌ల పోతుంటే చూస్తూ ఊకుంటమా?"

"స్వామి కాదే తల్లీ. నీకు కార్డు ఇచ్చింది ఇమిగ్రేషన్ వాళ్ళు."

"పోనీ, ఎవరో ఒకరి మూలంగా బతుకుతుందిగా" అన్నాడు జగన్మోహన్ కాఫీ అందిస్తూ. "శివుడంటే ఉంటుంది, దిమ్మంటే పోతుంది. శివుడనేస్తే పోలా?"

"మీరు నోరు మూసుకోండి. మీ జేబులో విభూతి సంగతి నాకు తెలుసు."

జగన్మోహన్ జేబు తడుముకుని వంటింట్లోకి తప్పుకున్నాడు.

జ్ఞానప్రసూన ఆ రోజే టౌన్‌షిప్ ఆఫీసుకి, అంటే ఊరి మునిసిపాలిటీకి, వెళ్ళింది. కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే విన్నాడు. "మేడమ్, అది స్టాండర్డ్ ఫిక్చర్. ఇలాంటివి ఈ తీరం పొడుగునా ఉన్నాయి. దీనికి ప్రత్యేకమైన చరిత్రేమీ లేదు" అన్నాడు. చరిత్ర లేదట! నలభై రకాల యుద్ధసామాను మోసిన ఓడల్ని పట్టి ఆపిన దిమ్మకి చరిత్ర లేదు. ఆ కుర్రాడి వెనక గోడ మీద మాత్రం ఊళ్ళో మొదటి పిజ్జా దుకాణం ఫొటో ఫ్రేము కట్టి ఉంది.

ఉక్రోషం పట్టలేక లూకి ఫోన్ చేసింది. లూ డెమార్కో, ఆరో బెర్తులో ఓడల మోకులు కట్టే మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి, చెవుల్లో మిషన్లు, నడవడానికి కర్ర. కూతురి దగ్గర పక్క ఊళ్ళోనే ఉంటాడు. క్రిస్మస్‌కి ఫోన్లు, అంతే.

సంగతంతా చెప్పి, "మంగళవారం నువ్వు రావాలి" అంది.

"ఆ స్తంభం కోసమా, మిసెస్ జీ? తప్పకుండా వస్తాను" అన్నాడు. ఆవిడ పేరు నోరు తిరక్క మొదట్నుంచీ అలాగే పిలుస్తాడు. మళ్ళీ తనే, "ఎర్రచుక్క రోజులు గుర్తున్నాయా?" అన్నాడు.

గుర్తులేకేం! ఆ సంగతి ఇక్కడి తెలుగువాళ్ళలో ఒక్కరికీ ఆవిడ చెప్పలేదు. చెబితే ఊరుకుంటారా, "చూశారా ఆంటీ, మొదటి పూజారి మీరే" అని నెత్తికెక్కుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి దసరాకి తన టైప్‌రైటర్‌కి కుంకుమ పెట్టుకుంటుంటే లూ చూశాడు. ఏమిటిదని అడిగాడు. మా ఊళ్ళో ఈ రోజు పనిముట్లకి దండం పెట్టుకుంటాం, లారీవాడు లారీకి, దర్జీ మిషన్‌కి, ఏది మనకి అన్నం పెడుతుందో దానికి, అని చెప్పింది. ఆయుధపూజ అంటే సైన్యం వాళ్ళకి ఇంకేదో అర్థమవుతుందని ఆ మాట మాత్రం వాడలేదు. లూ నవ్వలేదు. ఆ వేసవిలోనే ఆరో బెర్తులో మోకు తెగి, కొరడాలా తిరిగొచ్చి అతని జతగాడి కాలు తీసేసింది. "అయితే నా స్తంభానికి కూడా పెట్టు" అన్నాడు. పెట్టింది. మరుసటి ఏడు ఫోర్క్‌లిఫ్ట్‌ల వాళ్ళొచ్చారు. ఆ పై ఏడు క్రేన్ల వాళ్ళు. ఇదేం వేషాలని గుర్రుమన్న మేజర్‌గారు తర్వాతి దసరాకి తన జీపు కడిగించి తెచ్చి వరసలో పెట్టాడు. అది దేవుణ్ణి చేసి కొలవడం కాదు. పనిముట్టుని పనిముట్టుగా చూసి, నువ్వు బాగుండు, మమ్మల్ని బాగా చూడు అని చెప్పడం. ఈ తేడా వీళ్ళకి ఎలా ఎక్కుతుంది? జగన్మోహన్‌కే ఎక్కలేదు, నలభై ఏళ్ళు కాపురం చేసి.

మంగళవారం సాయంత్రం టౌన్‌షిప్ హాలు సగం తెలుగువాళ్ళతోనే నిండింది. కొందరు పట్టుబట్టలు కట్టుకొచ్చారు. పులిహోర కూడా వచ్చింది, హియరింగ్‌కి పులిహోర ఎందుకో ఆ శివుడికే తెలియాలి. లూ కర్ర పొడుచుకుంటూ వచ్చి జ్ఞానప్రసూన పక్కన కూర్చున్నాడు.

బిల్డర్ తరఫు మనిషి లేచి, ఆ స్తంభం వల్ల నడిచేవాళ్ళు తట్టుకుని పడే ప్రమాదం ఉందన్నాడు. ఇన్నేళ్ళలో దానికి తట్టుకుని పడ్డవాడు ఒక్కడున్నాడా అని జ్ఞానప్రసూన పళ్ళు నూరుకుంది. తర్వాత ఆంజనేయప్రసాద్ మైకు ముందుకు వెళ్ళి, ఇంగ్లీషులో గంభీరంగా, "దీన్ని ఎవరూ ప్రతిష్ఠించలేదు. తనంతట తానే భూమిలోంచి వెలిసింది" అన్నాడు.

లూ చెవిలో మిషన్ సర్దుకున్నాడు. "ఏమంటున్నాడు?"

"దానంతటది మొలిచిందట."

లూకి నవ్వాగలేదు. "ప్రతి వసంతంలోనూ దానికి నల్లరంగు వేసి వేసి నా నడుం పడిపోయింది కదా" అన్నాడు గట్టిగా. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

టౌన్‌షిప్ బోర్డు అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మతపరమైన వస్తువైతే పబ్లిక్ దారిలో ఉంచడం కుదరదు. మీ ఖర్చుతో మీరు తీసుకుపోవచ్చు. లేకపోతే బిల్డర్ తీసేస్తారు. ఇంకెవరైనా మాట్లాడతారా?" అంది. ఆంజనేయప్రసాద్ జనం వైపు తిరిగి, గెలిచాం అన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు. చప్పట్లు మోగాయి.

జ్ఞానప్రసూన లేచింది. ఏం మాట్లాడాలో రెండ్రోజులు అనుకున్నదంతా మైకు దగ్గరికి చేరేలోగా ఆవిరైపోయింది. మిగిలింది కోపం ఒక్కటే.

"అది దేవుడు కాదు" అంది. వెనక గుసగుసలు. "చెత్త కూడా కాదు. మీరందరూ నా మాట ఒక్కసారి వినండి. ఆ దిమ్మ ఇక్కడ రేవుండేదని చెప్పడానికి మిగిలిన ఒకే ఒక్క సాక్షి. దాన్ని కోసినా పోతుంది, పీకి ఇంట్లో పెట్టుకున్నా పోతుంది. అది నీళ్ళవైపు చూస్తూ, ఉన్నచోట ఉండాలి. మేము దానికి ఏడాదికోసారి కుంకుమ పెట్టేవాళ్ళం. అవును, నేనే పెట్టేదాన్ని. దేవుడని కాదు. మనుషుల కాళ్ళూ చేతులూ జాగ్రత్తగా ఉండాలని."

టైము అయిపోయిందని ఎర్రలైటు వెలిగింది. ఆవిడ దాని వంక చూడనైనా చూడలేదు.

"ఆఖరి ఓడ వెళ్ళిన రోజు దసరా కాదు. నా దగ్గర కుంకుమ లేదు. ఇదిగో, ఈ లూ మోకు విప్పి నీళ్ళలోకి వదిలేసి, ఇవాళ కూడా పెట్టు మిసెస్ జీ అన్నాడు. నా నుదుటి మీద స్టిక్కరు తీసి దానికి అంటించాను. అంటించి అందరం ఇళ్ళకి వెళ్ళిపోయాం. మళ్ళీ ఉద్యోగానికి రాలేదు. ఆ స్టిక్కరు ఆ రాత్రి వానకే పోయుంటుంది. ఇప్పుడు దాని మొహాన ఉన్నది స్క్రాపు గుర్తు. దాన్ని చూసి ఈ పిల్లలు దండాలు పెడుతున్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు."

"మేడమ్" అన్నాడు బిల్డర్ మనిషి, "ఆ ఎర్రచుక్క మాది కాదు. మా గుర్తయితే నారింజ రంగు స్ప్రేతో ఇంటూ వేస్తాం. ఆ స్తంభానికి ఇంకా ఏ గుర్తూ పెట్టలేదు."

"మరి ఎవరు పెట్టినట్టు?" అంది జ్ఞానప్రసూన చిరాగ్గా.

"నేను" అన్నాడు లూ.

కర్ర ఆనించుకుని నెమ్మదిగా లేచాడు. "మర్నాడు సామాను తీసుకెళ్ళడానికి వచ్చాను. స్టిక్కరు ఊడి కింద పడి ఉంది. నాకు మనసొప్పలేదు. షెడ్డులో ఓడలకేసే ఎర్రరంగు డబ్బా మిగిలింది. స్టిక్కరు ఎక్కడుందో సరిగ్గా అక్కడే చుక్క పెట్టాను. వానకి పోదు కదా. తర్వాత రేవు గేటుకి తాళం ఉన్నన్నాళ్ళూ దొంగతనంగా, అపార్ట్‌మెంట్లు వచ్చాక మామూలుగా, అప్పుడప్పుడు వచ్చి మళ్ళీ వేసేవాణ్ణి. నాలుగేళ్ళ కిందట మోకాళ్ళు ఒప్పుకోక మానేశాను."

 జ్ఞానప్రసూన లూ వంక నోరు తెరుచుకుని చూసింది. రెండేళ్ళు! ఊరందర్నీ నిలబెట్టి స్క్రాపు గుర్తు, స్క్రాపు గుర్తు అని తిట్టింది. తన బొట్టునే.

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం లూ?" అంది. 

"నీకు తెలుసనుకున్నాను. రోజూ దాని ముందునుంచే నడుస్తావు కదా" అన్నాడు లూ ఆశ్చర్యంగా.

వెనకనించి భవిత గొంతు చిన్నగా వినిపించింది. "నేను చెప్పిన గదా ఆంటీ, బొట్టేనని."

అధ్యక్షురాలు అటూ ఇటూ ఉన్న సభ్యులతో తల దగ్గర పెట్టి మాట్లాడింది. రేవు జ్ఞాపకంగా దిమ్మని ఉన్నచోటే ఉంచాలని, రెయిలింగ్‌ని దాని పక్కగా వంచాలని, గుడి లాంటిదేదీ కట్టకూడదని తేల్చింది. పాలు పొయ్యకూడదని కూడా చేర్చమని జ్ఞానప్రసూన మైకు లేకుండానే అరిచింది. అదీ చేర్చారు. ఆంజనేయప్రసాద్ మొహం కాసేపు మాడింది గానీ, పులిహోర పొట్లాలు విప్పేసరికి తేరుకున్నాడు. మొదటి పొట్లం లూకే ఇచ్చాడు.

దసరా నాడు గాలి చలిచలిగా ఉంది. లూని కూతురు కార్లో దింపి వెళ్ళింది. చేతిలో చిన్న రంగు డబ్బా, బ్రష్షు. కాలనీ అంతా అక్కడే ఉంది. ల్యాప్‌టాప్‌లు పట్టుకొచ్చి వరసగా బెంచీ మీద పెట్టారు, వాటికీ బొట్లు కావాలట. ఆంజనేయప్రసాద్ కొబ్బరికాయ ఎత్తాడు.

"దాని మీద కొట్టావంటే ఊరుకోను" అంది జ్ఞానప్రసూన. "ఆ పక్కన రాయి ఉంది, దాని మీద కొట్టు."

"సరే ఆంటీ, సరే" అంటూ రాయి దగ్గరికి నడిచాడు.

లూ బ్రష్షు ఆవిడ చేతికిచ్చాడు. "నాకు చెయ్యి వణుకుతోంది. ఈసారి నువ్వే."

ఆవిడ బ్రష్షు డబ్బాలో ముంచింది. వెలిసిన చుక్క మీద ఎర్రరంగు మెల్లగా తిప్పింది. "కాస్త ఎడమకి" అన్నాడు జగన్మోహన్ వెనకనించి. "మీ పని మీరు చూసుకోండి" అంది ఆవిడ, కానీ కాస్త ఎడమకే వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వెటర్ చేత్తో తుడుచుకుంది.

లూ టోపీ తీసి దిమ్మ మీద అరచెయ్యి ఆనించాడు. "ఈ ఏడు కూడా ఎవరికీ దెబ్బ తగలదు" అన్నాడు, ఆ రోజుల్లో అనేవాడే, అలాగే.

"ఇంకిక్కడ మోకులెక్కడివి లూ, ఓడలెక్కడివి? దెబ్బ తగలడానికి ఎవరున్నారు?"

"నువ్వున్నావుగా. ఈ తడి రాళ్ళ మీద రోజూ ఒక్కదానివే నడుస్తావట, మీ ఆయన చెప్పాడు."

జ్ఞానప్రసూన బ్రష్షుని డబ్బా మీద ఆనించింది. భవిత పూలదండ పట్టుకుని ముందుకొస్తే చేత్తో ఆపింది. రంగు ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా అక్కడే నిలబడింది.